పద్మక్క ఇంట్లో కూర్చున్నది ఎవరు

దయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. మా వీధిలో ఎవరికైనా జ్వరం వచ్చి కలవరిస్తే చాలు, గాలి సోకిందని నిమ్మకాయలు తెచ్చేవాళ్లు ఉన్నారు. "ఆ నిమ్మకాయను నీళ్లలో పిండి తాపండి, జ్వరమన్నా తగ్గుతాది" అని వాళ్ల ముఖం మీదే చెప్పి తిట్లు తిన్న మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. ఇది విని "చూసినావా, సరోజే ఒప్పుకునింది" అని ఎవరైనా అంటే ఇక వాళ్లతో నాకు మాటలుండవు.

నాకు జరిగినవి రెండు. ఒకటి జబ్బు. రెండోది ఏమిటో నాకు తెలియదు. మా ఊళ్లో జనం ఈ రెండింటినీ కలిపి ఒకే ముద్ద చేసి మింగేశారు. నేను విడదీసి చెప్తాను.

మాది ధర్మవరం. నా పని అచ్చు అతకడం. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే కొత్త పడుగు పోగులను పాత పోగుల చివరలకు కలపాలి. పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి తీసుకుని, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, రెండింటినీ కలిపి పురి తిప్పాలి. వెంట్రుక కంటే సన్నటి పట్టు పోగులు, వేలకు వేలు. మఠం వేసుకుని కూర్చుంటే ఊరికే లేవడానికి ఉండదు. దృష్టి చెదిరి వరస తప్పితే నేతగాడికి చీరంతా తలనొప్పే.

ఈ పని నాకు మా పెద్దమ్మ నేర్పింది. ఆమె పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన దాన్ని, ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాను. అద్దంలో చూసి చేసినట్టు అయింది. అందరూ బొటనవేలిని ముందుకు నెట్టి పురి తిప్పితే, నాకు వెనక్కి లాగి తిప్పడం అలవాటైంది. పెద్దమ్మ గమనించి వీపు మీద ఒకటి ఇచ్చేసరికే అది వేళ్లకు పట్టేసింది. నా అతుకు గట్టిగానే ఉంటుంది, పురి మాత్రం ఎడ్డెం. చూడగానే నేతగాళ్లు "ఇది సరోజ అతుకు" అని చెప్పేస్తారు. ఊళ్లో అట్లా తిప్పేది నాకు తెలిసి నేనొక్కదాన్నే.

కుదురుకు నాది పెట్టింది పేరు. మా అత్త ఓబులమ్మ నన్ను మెచ్చుకునేది తక్కువ. అట్లాంటి మనిషి కూడా పదిమందిలో "మా కోడలు కూసుంటే కూసున్నట్టే, కొండ లేస్తాదేమో గానీ అది లేయదు" అనేది.

అట్లాంటి నాకు ఒక ఏడాది శివరాత్రి దాటి ఎండలు ముదిరే రోజుల్లో కూర్చోవడం చేతకాకుండా పోయింది.

ఎట్లా చెప్పాలి దాన్ని? నొప్పి కాదు. తిమ్మిరి కాదు. కూర్చుంటే ఒళ్లంతా లోపలి నుంచి ఎవరో గిల్లుతున్నట్టు ఉండేది. లేచి నాలుగు అడుగులు వేస్తే ఒక్క క్షణం తగ్గినట్టు ఉండి మళ్లీ మొదలయ్యేది. వీధి తలుపు నుంచి పెరటి తలుపుకు, పెరటి తలుపు నుంచి వీధి తలుపుకు తిరిగేదాన్ని. అన్నం నిలబడే తినేదాన్ని, అదీ రెండు ముద్దలు. తల మీద రెండు చెంబులు పోసుకుని సబ్బు కూడా కడగకుండా బయటికి వచ్చేసేదాన్ని. చేతులు ఊరికే ఉండేవి కావు. కొంగు అంచు పోగులు పోగులుగా పీకేశాను.

దాంతోపాటు భయం. దేనికో తెలియని భయం. ఇంకాసేపట్లో ఏదో ఘోరం జరుగుతుందన్నట్టు గుండె కొట్టుకునేది. జరిగేది ఏమీ ఉండదు. మా పాప మౌనిక బడి నుంచి వచ్చి ఏదైనా చెప్తే, దాని పెదాలు కదలడం చూసేదాన్నే గానీ మాట లోపలికి దిగేది కాదు. అది నవ్వితే నాకు నవ్వు వచ్చేది కాదు. దానికి నేను పడ్డ బాధ నాకే తెలుసు.

"ఏం తక్కువైంది నీకు?" అని అందరూ అడిగారు. మొగుడు తాగుబోతు కాదు. పవర్ లూం షెడ్డులో పనికి పోతాడు, ఇంటికి వస్తాడు. అత్త గొంతు పెద్దదే గానీ చెయ్యెత్తే మనిషి కాదు. కారణం చెప్పమంటే నేను ఏం చెప్పాలి? తెలిస్తే చెప్పనా? జ్వరం వచ్చినవాళ్లను ఎవరూ కారణం అడగరు.

కొన్నాళ్లకు ఇల్లు చాలకుండా పోయింది. వీధిలో పడ్డాను. రైల్వే గేటు దాటి, శెనక్కాయ చేల మధ్య మట్టి రోడ్డు పట్టి, వేడి గాలిలో ఎర్ర దుమ్ము కొట్టుకుంటూ నడిచేదాన్ని. చేలంటే పేరుకే చేలు, ఆ కాలంలో అక్కడ రాళ్లు తప్ప ఏమీ ఉండవు. తిరిగి వచ్చేసరికి మడమలు పగిలి నెత్తురు వచ్చేది. మొదట్లో మా అత్త నా వెనకే పరుగెత్తి వచ్చేది. ఆమె మోకాళ్లు ఎన్నాళ్లు సహకరిస్తాయి?

ఆమె ఇంక ఊరుకోలేక బంధువుల్లో సోది చెప్పే ముసలామెను పిలిపించింది. ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, ఆ మట్టి రోడ్డు మీద తిరిగి తిరిగి చచ్చిన ఎవతో నా కాళ్లలో దూరిందని తేల్చింది. కన్నడ దేశం దిక్కున ఒక ఊరుందట. అక్కడ గాలి పట్టినవాళ్లను గొలుసుతో రాతి స్తంభానికి కట్టి వదిలేసి వస్తారట. గాలి వదిలాక ఇంటికి తెచ్చుకోవాలట. ఎన్నాళ్లకు వదులుతుందో గాలి ఇష్టం. వచ్చే అమావాస్యకు నన్ను అక్కడికి తీసుకుపోవాలని నిర్ణయం అయిపోయింది.

మా అత్త చెడ్డది కాదు. భయపడింది, అంతే. ఆ భయంతోనే మౌనికను తన పక్కన పడుకోబెట్టుకుంది. నా చేతులు ఆగక జుట్టు లాగేస్తున్నానని, జడ కూడా నన్ను వేయనివ్వలేదు. నేను ఇటు గోడ నుంచి అటు గోడకు తిరుగుతూ, మా అత్త వేళ్లు నా బిడ్డ తలలో ఆడుతుంటే చూసేదాన్ని. ఆ అమావాస్యకు నన్ను తీసుకుపోతే ఇంక నా బిడ్డ నాది కాదని నాకు తెలిసిపోయింది. గొలుసు విప్పుకుని వచ్చినదాన్ని ఊళ్లో ఎవరూ తల్లి అనరు, పిచ్చిది అంటారు.

"ముందు అనంతపురం ఆస్పత్రికి తీసుకుపో, ఆ తర్వాత మీ ఇష్టం" అని మా ఆయన నాగరాజును పట్టుకున్నాను. అంతకుముందు వీధి చివర డాక్టరు కాళ్లకు బలం మాత్రలు ఇచ్చి, వాటికి లొంగకపోతే మనసు డాక్టరుకు చూపించమని ఒక మాట అన్నాడు. మా ఆయన ఆ మాటను మింగేశాడు, సిగ్గుపడి. నేను రోజూ అదే మాట అడిగి అడిగి ఒప్పించాను.

ఆస్పత్రికి పోవడానికి ముందు రోజు పద్మక్క వచ్చింది. మా వెనక వీధిలో ఉంటుంది. వాళ్ల మగ్గం మీద పడుగు అయిపోయి, కొత్త పడుగు అతికే మనిషి దొరక్క మగ్గం ఆగిపోయింది. పెళ్లిళ్ల కాలం, అతికేవాళ్లందరూ వేరే ఇళ్లల్లో ఉన్నారు. ఆ చీర ఒక పెళ్లికూతురిది. "నీకు బాగలేదని తెలుసు గానీ ఎంత అయితే అంత చెయ్యి సరోజా" అని బతిమాలింది.

పోయాను. నా పని కదా, వేళ్లు గుర్తుపడితే కాళ్లు నిలుస్తాయేమో అని ఆశ. బూడిద గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని బెత్తెడు వెడల్పు కూడా అతకలేదు. ఒళ్లంతా నిప్పు పెట్టినట్టు అయింది. పోగులు అట్లానే వదిలేసి లేచి బయటికి పరుగెత్తాను. పద్మక్క పడుగు మీద గుడ్డ కప్పింది. ఇంటికి వచ్చి ఏడ్చాను. ఏడుపు కూడా నిలబడే ఏడ్చాను.

మర్నాడు తెల్లవారుతూనే మా ఆయనా నేనూ బస్సెక్కాము. సగం బస్సు ఖాళీ. నేను కూర్చోలేదు.

"సీట్లు ఉండాయి కదమ్మా, కూసో" అన్నాడు కండక్టరు.

"కూసోలేనన్నా" అన్నాను. అనంతపురం దాకా కమ్మీ పట్టుకుని కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాను.

ఆస్పత్రిలో మధ్యాహ్నం దాకా వరండాలో తిరిగాను. కాపలా మనిషి ఒకటికి రెండుసార్లు అరిచాడు. నేనూ అరిచాను. లోపల డాక్టరమ్మ మాత్రం నన్ను కూర్చోమనలేదు. "నడుస్తూనే చెప్పమ్మా, నాకు వినిపిస్తుంది" అంది. ఆ ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గదిలో కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ అంతా చెప్పాను.

చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడిగింది. నేనూ నేరుగానే చెప్పాను. చావాలని లేదు, ఈ ఒళ్లు విప్పి దండెం మీద వేసి ఎటన్నా పోవాలని ఉంది అన్నాను. ఆమె రాసుకుంది. దిగులు జబ్బు అంటే ముసుగు తన్ని పడుకోవడమే అని అందరూ అనుకుంటారనీ, కొందరిని అది పడుకోనివ్వదు, కూర్చోనివ్వదు, ఇట్లా తరుముతుందనీ చెప్పింది. మాత్రలు ఇచ్చింది. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, అందాకా ఒంటరిగా వదలొద్దు అని మా ఆయనకు గట్టిగా చెప్పింది.

జబ్బుకు పేరుందని తెలిసినందుకే నాకు సగం ప్రాణం లేచి వచ్చింది. బయటికి వచ్చి ఆస్పత్రి గేటు దగ్గర మా ఆయన ముఖం చూసి "విన్యావా? గాలి కాదంట" అన్నాను. ఆయన తల ఊపాడు. రోజంతా ఆయన నా పక్క నుంచి కదలలేదు. దీన్ని గుర్తు పెట్టుకోండి.

మేము ఊళ్లో దిగేసరికి పొద్దు వాలుతోంది. మా గడప ముందు పద్మక్క నిలబడి ఉంది. నన్ను చూసి ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"సరోజా, నువ్వు బంగారు తల్లివే. నిన్న అట్ల పోతే నేను ఆశ వదులుకునింటి. పొద్దున్నే వచ్చి కూసుంటివి, అంతా అతికి పెడితివి. నేను కూలి తెచ్చేలోపల లేసి పోతివే? ఇదో, పట్టు."

నాకు అర్థం కాలేదు. మా ఆయనే అన్నాడు, "ఏం మాట్లాడతాండావక్కా? తెల్లారి బస్సుకు అనంతపురం పోయి ఇప్పుడే దిగినాం."

పద్మక్క ముఖంలో రంగు మారిపోయింది. మా అత్త గడపలో నిలబడి అంతా వింటోంది.

మర్నాడు పొద్దున అందరం పద్మక్క ఇంటికి పోయాము. నేను, మా ఆయన, మా అత్త. పద్మక్క పడుగు మీద గుడ్డ తీసింది. ఈ కొస నుంచి ఆ కొసకు అచ్చంతా అతికి ఉంది.

వంగి చూశాను. పోగు మీద వేలు పెట్టి చూశాను. పురి ఎడ్డెం. ఒక్కటి కాదు, రెండు కాదు, అన్నీ. నేను ముందు రోజు ఎక్కడ ఆపి లేచానో ఆ చోటు వెతికాను. నాకే దొరకలేదు. ఒక మనిషి ఆపి, ఇంకో మనిషి మొదలుపెడితే ఎక్కడో ఒకచోట తేడా తెలుస్తుంది. ఏ తేడా లేదు. పైగా అది ఒక రోజులో అయ్యే పని కాదు. నేను బాగున్న రోజుల్లో కూడా అంత పని పొద్దుగూకేలోపల ఒక్కదాన్నే ముగించలేను.

పద్మక్క చూసింది చూసినట్టు చెప్పింది. నేను పొద్దున వచ్చి, పలకరిస్తే పలకకుండా, తిన్నగా పోయి మగ్గం ముందు కూర్చున్నానట. ముందు రోజు అట్లా పోయినందుకు సిగ్గుపడుతున్నానని ఆమె అనుకుందట. టీ పెడితే తాగలేదట. ఆకుపచ్చ చీర, ఆవపువ్వు రంగు అంచు అంది. నాకు అట్లాంటి చీర ఒకటే ఉంది. ఆ రోజు దాన్ని మా అత్త పొద్దున్నే నానబెట్టి ఉతికి మిద్దె మీద ఆరేసింది. నేను ఆస్పత్రికి కట్టుకుపోయింది ఊదారంగుది.

మగ్గానికి ఎదురుగా మంచం మీద పద్మక్క మామ పడుకుని ఉంటాడు. నడుము పడిపోయి ఎక్కడికీ పోలేడు. కళ్లు మాత్రం చురుగ్గానే ఉంటాయి. ఆయన కూడా అదే చెప్పాడు.

"తల ఎత్తలేదప్పా. ముఖం మింద ఈగ వాలినా తోలుకోలేదు. అంత కుదురుగా కూసున్న మనిషిని నేను చూడలేదు."

వాళ్లు అబద్ధం చెప్తున్నారని నేను అనుకోను. చేయని పనికి కూలి పట్టుకుని మన ఇంటికి ఎవరు వస్తారు? వేరే ఎవరైనా వచ్చి అతికారేమో అని నేను తర్వాత అతికేవాళ్లందరినీ అడిగాను. ఆ రోజు ఎవరి ఇళ్లల్లో వాళ్లు ఉన్నారు. పైగా నా ఎడ్డెం పురి ఎవరికీ రాదు, సరదాకు ప్రయత్నించి నవ్వుకున్నవాళ్లే వాళ్లు. పెద్దమ్మ ఆత్మ వచ్చి సాయం చేసి పోయిందని ఒకామె అంది. పెద్దమ్మ తిప్పేది అందరి మాదిరే. అదీగాక బతికి ఉన్నప్పుడు ఆమె ఎవరికీ ఊరికే చేసిపెట్టిన మనిషి కాదు, చచ్చాక ఎందుకు చేస్తుంది? నాకు అన్నిటికంటే వింత అనిపించింది ఆ కూలి సంగతే. కూలి తీసుకోకుండా లేచి వెళ్లిపోయింది అంటేనే అది నేను కాదని పద్మక్కకు తెలిసిపోవాలి.

ఇది అట్లా ఉంచండి. అసలు మాట అప్పుడే మొదలైంది. మా అత్త చాలాసేపు ఆ పడుగును చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది. ఆమె నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. ముక్కూ ముఖం తెలియనివాళ్లను చూసినట్టు చూసింది.

"అట్లయితే ఆస్పత్రికి పోయింది నా కోడలు కాదు" అంది.

"ఏమ్మా నువ్వు?" అన్నాడు మా ఆయన.

"నువ్వే చెప్పురా. కూసోలేనిది నా కోడలు ఎట్లయితాది? ఈడ కుదురుగా కూసోని పని చేసింది చూడు, అది నా కోడలు. మన ఇంట్లో ఈ పక్క నుంచి ఆ పక్కకు తిరుగుతాండేది గాలి. అది దాని ఒళ్లు లాక్కొని తిరుగుతాంది. పాపం, ఆ పిల్ల యాడ ఉండాదో, పని మింద ప్రాణం కొట్టుకోని వచ్చి చేసి పోయింది."

పద్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముసలాయన మంచం మీద నుంచే "ఔ" అన్నాడు. మా ఆయన కూడా ఒక్క క్షణం నన్ను అట్లానే చూశాడు. నేను కనిపెట్టాను.

నాకు అప్పుడు భయం వేసింది. దయ్యానికి కాదు. వాళ్ల మాట ఎంత సులువుగా కుదిరిపోయిందో చూసి భయం వేసింది. వాళ్ల లెక్కలో నెమ్మదిగా ఉన్నది నేను. బాధపడుతున్నది దయ్యం. ఇంక నన్ను కట్టేసినా కొట్టినా ఎవరికీ పాపం ఉండదు. కట్టేసేది సరోజను కాదు కదా.

"అమావాస్య దాకా ఎందుకు, ఈ పొద్దే పోదాం" అంది మా అత్త. మా ఆయన జేబులో ఉన్న మాత్రల పొట్లం లాక్కుని గుప్పిట్లో పట్టుకుంది. "గాలికి మందులు ఎందుకురా?"

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నెలన్నర నుంచి భయం తప్ప ఏదీ తెలియని గుండెలో కోపం పుట్టేసరికి నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. పద్మక్క ఇంటి నడవలో ఇటూ అటూ తిరుగుతూనే గట్టిగా అన్నాను.

"సరే అత్తా. ఆడ కూసున్నదే నీ కోడలు. పిలువు. యాడుందో పిల్చుకోని రా. నీకు సంగటి చెయ్యమను. నీ మోకాళ్లకు నూనె రాయమను. నా బిడ్డకు జడ వెయ్యమను. పిలువు, నేను చూస్తా."

మా అత్త గుప్పిట ఇంకా బిగించింది.

"నువ్వు పిలిస్తే రాదా? పని చేసి పోయేదానికి వచ్చింది కదా, బిడ్డను చూసుకునేదానికి రాదా? అది వచ్చిందాకా ఈ ఇంటికి ఈ కాళ్లే గతి. ఆ మాత్రలు ఇయ్యి."

మా అత్త నిజంగానే తలుపు వైపు చూసింది. పద్మక్కా చూసింది. నేనూ చూశాను, అబద్ధం ఎందుకు? బయట ఎండ తప్ప ఏమీ లేదు.

అప్పుడు మా ఆయన నోరు తెరిచాడు. వాళ్లమ్మకు ఎదురు చెప్పని మనిషి. నేల చూస్తూ అన్నాడు, "అమ్మా, ఇయ్యి. నిన్న పోయేటప్పుడు, వచ్చేటప్పుడు నిలబడే వచ్చింది. దాని పాదాలు చూడు ఎట్ల వాచినాయో. గాలికి కాళ్లు వాస్తాయా?"

మా అత్త నా పాదాలు చూసింది. నేను తిరుగుతూ ఉంటే ఆమె చూపు నా పాదాల వెంటే తిరిగింది. వాపు, పగుళ్లు, పగుళ్లలో ఎర్ర మట్టి. కాసేపటికి గుప్పిట తెరిచింది. పద్మక్క నీళ్లు ఇస్తే అందరి ముందే మాత్ర వేసుకున్నాను.

ఆ సాయంత్రం మా అత్త ఉప్పు వేసి నీళ్లు కాచింది. బకెట్‌లో పాదాలు పెట్టుకుని కూర్చోమంది, మళ్లీ తనకే గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. నన్ను పెరట్లో నిలబెట్టి, చెంబుతో పాదాల మీద పోసింది. నేను కాళ్లు మారుస్తుంటే ఏ కాలు కింద ఉంటే దాని మీద పోసింది.

అమావాస్య వచ్చింది, పోయింది. నేను ఎక్కడికీ పోలేదు.

మాత్ర వేసిన మర్నాడే లేచి కూర్చున్నానని చెప్పను, అట్లా జరగలేదు. నోరు ఎండిపోయేది. ఈ మాత్రలు దండగ అని విసిరేయబోయిన రోజులున్నాయి. మా ఆయన షెడ్డుకు పోయేముందు పొద్దున్నే నాతో పాటు రైల్వే గేటు దాకా నడిచేవాడు. ఎందుకు నడుస్తున్నావని అడిగేవాడు కాదు. పగలు మా అత్త కాపలా. రెండోసారి ఆస్పత్రికి పోయాక మందు మార్చారు. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు కంచం ముందు కూర్చుని, అన్నం తిని, చెయ్యి కడుక్కోవడానికి లేచాక గానీ గమనించలేదు, తిన్నంతసేపూ కూర్చునే ఉన్నానని. మౌనిక తల నా ముందు పెట్టుకుని చివరిదాకా జడ అల్లి, రిబ్బను ముడి వేసిన రోజు మాత్రం బాగా గుర్తుంది. అది అద్దం చూసుకుని "వంకర ఉండాదిమా" అంది. ఉండనీలే అన్నాను.

డాక్టరమ్మకు పద్మక్క ఇంటి సంగతి చెప్పాను. నవ్వలేదు. ఆ స్థితిలో మనసు కొన్నిసార్లు లేనివి చూపిస్తుంది అంది. మనసు బాగాలేనిది నాకు గానీ, చూసింది పద్మక్క, వాళ్ల మామ కదా అన్నాను. ఆమె "దానికి నా దగ్గర జవాబు లేదమ్మా" అంది. ఆ మాటకు ఆమె మీద గౌరవం పెరిగింది.

ఆ చీర నేయడం మొదలుపెడితే అతుకుల దగ్గర ఒక్క పోగు కూడా తెగలేదని పద్మక్క మొగుడు చెప్పాడు. నా అతుకుల్లో ఎప్పుడూ నాలుగైదు తెగుతాయి. ఎవరైనా సరే, చేత్తో చేసే పనిలో తెగుతాయి. ఇది కూడా చెప్పాల్సిన సంగతి కాబట్టి చెప్తున్నాను.

ఊళ్లో ఇప్పటికీ అనేవాళ్లు ఉన్నారు, ఆమె ఎవరో వచ్చి నా గాలిని తీసుకుని పోయిందని. నన్ను బాగు చేసింది మాత్రలు. పొద్దున్నే నా పక్కన నడిచిన మొగుడు. నా మొండితనం. ఆ కూర్చున్నదానికి ఇందులో వాటా ఇవ్వను. ఇంకొకటి కూడా చూడండి. నా కాళ్లకు కారణం ఉంది, మందు ఉంది, పేరు ఉంది, వాటిని దయ్యం అన్నారు. పద్మక్క ఇంట్లో కూర్చున్నదానికి కారణం లేదు, పేరు లేదు, దాన్ని మాత్రం ఒక్కరూ దయ్యం అనలేదు. మాట్లాడకుండా పని చేసిపెట్టి, కూలి అడగకుండా పోయింది కదా, ఎందుకంటారు?

ఇప్పుడు పనికి పోతున్నాను. మధ్యలో లేచి వీధిలో ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్లీ కూర్చుంటాను. ఇదివరకటి కుదురు రాలేదు. నచ్చనివాళ్లు వేరే మనిషిని పిలుచుకోవచ్చు. మా అత్త బాగానే చూసుకుంటుంది గానీ, నేను గబగబా తిరుగుతున్నప్పుడు అప్పుడప్పుడు ఆమె చూపు వీధి తలుపు మీదికి పోతుంది. ఆ రెండోది ఎప్పుడైనా వస్తుందని లోపల ఎక్కడో ఆశ ఉందేమో. నేను తప్పు పట్టను. కుదురైన కోడలు ఎవరికి చేదు?

ఆమె ఎవరో, ఎట్లా వచ్చిందో, నా వేళ్లు ఆమెకు ఎట్లా వచ్చాయో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినట్టు నటించను. కానీ ఆ ఎండలో నడిచింది నేను. పగిలిన మడమలు నావి. నిలబడి ఏడ్చింది నేను. ఆమె మళ్లీ వస్తే రానీ. నాకు కోపం లేదు, చాప వేసి కూర్చోమంటాను, బాగా కూర్చుంటుంది కదా. నా బిడ్డ జడ మాత్రం నేనే వేస్తాను, వంకరగానే.